మెయిన్ రాష్ట్రంలో ఓటు: రెండు సెనేట్ ఎన్నికలు వాడి చూశాక నా రివ్యూ

ముందు పేరు సంగతి చెప్తాను.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పోలింగ్ కేంద్రానికి వెళ్తే, టేబుల్ దగ్గర కూర్చున్న ఎలక్షన్ క్లర్క్‌కి మన పేరు చెప్పాలి. ఆ క్లర్క్ లిస్టులో పేరు వెతికి, దాన్ని గట్టిగా, స్పష్టంగా, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా చదవాలి. ఇది అక్కడి చట్టంలోనే ఉంది. మన దగ్గర కూడా మొదటి పోలింగ్ ఆఫీసర్ పేరు, వరస నంబరు పైకి చదువుతాడు, ఏజెంట్లు తమ లిస్టులో గీత గీసుకుంటారు. కాబట్టి పద్ధతి నాకు కొత్త కాదు. కానీ నా పేరు తెలుగు పేరు. ఇంటిపేరే నాలుగు అక్షరాలు, దాంట్లో ఒక ళ, ఒక ఒత్తు.

2018 నవంబర్ 6, మంగళవారం. పోర్ట్‌లాండ్‌లో మా వార్డు పోలింగ్ కేంద్రం. క్లర్క్‌గా ఉన్న పెద్దావిడ లిస్టులో నా పేరు చూసి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఎలా పలకాలో ఒకసారి చెప్పమ్మా, తప్పు చదవడం నాకు ఇష్టం లేదు" అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. ఆవిడ మెల్లగా అనుకుని చూసింది. రెండోసారి చెప్పాను. మూడోసారికి తల పైకెత్తి, హాలంతా వినపడేలా నా పూర్తి పేరు చదివింది. ళ పలకలేదు, ల అన్నది. మిగతాదంతా సరిగ్గా వచ్చింది.

అంతకు ముందు ఆరేళ్ళుగా నేను కాఫీ షాపులోనూ, ఫార్మసీలోనూ పేరు అడిగితే మొదటి రెండక్షరాలు చెప్పి ఊరుకునేదాన్ని. అమెరికాలో నా పూర్తి పేరు ఒక హాల్లో ఎవరో గట్టిగా పిలవడం, సిటిజన్‌షిప్ ప్రమాణం రోజు తర్వాత, అదే మొదటిసారి. ఐదు నక్షత్రాల్లో ఒకటి దీనికే ఇచ్చేస్తున్నాను.

ఓటింగ్‌కి రివ్యూ ఏంటని మా ఆయన అడిగారు. హోటల్‌కి రాస్తాం, ప్లంబర్‌కి రాస్తాం. ఇది మన టాక్సులతో నడిచే సర్వీసు. నేను 2018లో కేంద్రానికి వెళ్ళి, 2024లో ఇంటికి బ్యాలెట్ తెప్పించుకుని, రెండు విధాలుగా వాడాను. కొత్తగా పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు ప్రతి ఎన్నికకీ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకని వివరంగా రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో ఇబ్బంది ఏమీ లేదు. ఎన్నిక రోజునే పోలింగ్ కేంద్రంలో పేరు నమోదు చేసుకోవచ్చు. 2018 అక్టోబర్‌లో మేము ఇల్లు మారాం. కొత్త అడ్రస్ మార్పించుకోలేదు. పోలింగ్ రోజు కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్స్ పట్టుకుని పక్క టేబుల్‌కి వెళ్తే పావుగంటలో పని అయిపోయింది. ఈ సదుపాయం ఇక్కడ 1973 నుంచి ఉంది. 2011లో శాసనసభ దీన్ని తీసేస్తే, అదే ఏడాది నవంబర్‌లో జనం రెఫరెండం పెట్టి వెనక్కి తెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు కోసం ఫారం 18 నింపి, డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం పెట్టించి, ఆరేళ్ళకోసారి మళ్ళీ మొదటి నుంచి అదంతా చేసిన మనిషిని నేను. ఈ పావుగంట విలువ నాకు బాగా తెలుసు.

ఇక అసలు వస్తువు బ్యాలెట్ కాగితం.

ఆ రోజు మెయిన్ నుంచి అమెరికా సెనేట్‌కి ఎన్నిక. రాష్ట్రం మొత్తానికీ ఒకే సీటు. సిట్టింగ్ సెనేటర్ యాంగస్ కింగ్ ఇండిపెండెంట్. మన దగ్గర ఇండిపెండెంట్ అనగానే టికెట్ రాక అలిగి నామినేషన్ వేసిన మనిషి గుర్తొస్తాడు. కింగ్ అలాంటివాడు కాదు. 1994లో స్వతంత్రుడిగానే గవర్నర్‌గా గెలిచారు, 1998లో మళ్ళీ గెలిచారు, 2012లో సెనేట్‌కి వెళ్ళారు. సెనేట్‌లో డెమోక్రాట్ల వైపు కూర్చుంటారు, కానీ ఆ పార్టీలో చేరలేదు. మా ఆఫీసులో ముప్పైల్లో ఉన్న పిల్లలకి ఆయన మరోలా గుర్తు. ఆయన గవర్నర్‌గా ఉండగా 2002లో ఏడో తరగతి పిల్లలందరికీ ప్రభుత్వం లాప్‌టాప్‌లు ఇచ్చింది. "నా మొదటి కంప్యూటర్ గవర్నర్ ఇచ్చాడు" అని మా టీంలో ఒకతను ఇప్పటికీ అంటాడు.

2018లో ఆయన మీద ఇద్దరు నిలబడ్డారు. రిపబ్లికన్ ఎరిక్ బ్రేకీ, అప్పటికి ముప్పై ఏళ్ళ రాష్ట్ర సెనేటర్. డెమోక్రాట్ జాక్ రింగెల్‌స్టైన్, టీచర్‌గా పనిచేసినవాడు. ఆ వేసవిలో టెక్సస్ సరిహద్దు దగ్గర నిర్బంధంలో ఉన్న పిల్లలకి సామాన్లు ఇవ్వబోయి అరెస్టయిన మనిషి. సిట్టింగ్ సెనేటర్ డెమోక్రాట్ల పక్కనే కూర్చుంటూ ఉండగా, డెమోక్రాట్ల సొంత అభ్యర్థి కూడా బరిలో ఉన్నాడన్నమాట. మామూలు పద్ధతిలో అయితే ఇలాంటి చోట ఓటరు నలిగిపోతాడు. టీచర్ నచ్చినవాళ్ళు టీచర్‌కి వేస్తే కింగ్ ఓట్లు చీలతాయేమో, దాంతో బ్రేకీ బయటపడతాడేమో అని టెన్షన్.

మెయిన్ జనానికి ఈ టెన్షన్ ఊహ కాదు, అనుభవం. 2010 గవర్నర్ ఎన్నికలో పాల్ లెపేజ్ 38 శాతం లోపు ఓట్లతో గెలిచారు. ఇండిపెండెంట్ ఎలియట్ కట్లర్ రెండు శాతం కూడా తేడా లేకుండా రెండో స్థానంలో ఆగిపోయారు. డెమోక్రాట్ అభ్యర్థికి దాదాపు 19 శాతం పడ్డాయి. ఆ ఏడాది తన ఓటు ఎవరికి వేసి పశ్చాత్తాపపడిందో మా ఇంటి ఓనరమ్మ ఎనిమిదేళ్ళ తర్వాత కూడా మంచు తీస్తూ తీస్తూ ఆగి చెప్పింది. అంత లోతుగా దిగిపోయింది.

అందుకే 2016లో జనం రెఫరెండంలో ఒక పద్ధతిని ఆమోదించారు. ఒక్కరికి మాత్రమే గుర్తు పెట్టకుండా, అభ్యర్థుల్ని మనకి నచ్చిన వరసలో పెట్టవచ్చు. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాళ్ళని తీసేసి, వాళ్ళ ఓటర్ల తర్వాతి ఎంపిక ఎవరో చూసి ఆ ఓట్లు వాళ్ళకి కలుపుతారు. సగం దాటినవాడు తేలేదాకా ఇలా నడుస్తుంది. శాసనసభ దీన్ని వాయిదా వేసి పక్కన పెట్టబోతే, 2018 జూన్‌లో జనం మళ్ళీ ఓటు వేసి నిలబెట్టుకున్నారు. అమెరికా సెనేట్ సీటుకి ఈ పద్ధతిలో జరిగిన మొట్టమొదటి సాధారణ ఎన్నిక నా మొదటి ఓటు ఎన్నికే అయింది.

హైదరాబాద్‌లో డిగ్రీ చదివినవాళ్ళకి ఇది వినగానే తెలిసిపోతుంది. ఇది మన ఎమ్మెల్సీ ప్రాధాన్యతా ఓటే! 2007లో శాసన మండలి తిరిగి వచ్చినప్పుడు నాన్న మా ఇంట్లో పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో ఐదు పేర్లు రాసి, కోటా (గెలవడానికి దాటాల్సిన ఓట్లు) అంటే ఏంటో, ఎలిమినేషన్ అంటే ఏంటో మాకు గంటసేపు పాఠం చెప్పారు. ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్. ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ ఎన్నిసార్లు చేశారో లెక్కలేదు. "ఒకటి అంకె వేయకపోతే మిగతా అంకెలు ఎన్ని వేసినా చెల్లదు. అక్షరాల్లో రాయొద్దు. టిక్కు పెట్టొద్దు. వాళ్ళిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి." ఈ నాలుగు మాటలు మాకు ఎక్కాల్లా నేర్పించారు. హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానంలో ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ 2007లో స్వతంత్రుడిగా గెలిచి, 2009లో సిట్టింగ్‌గా ఉండి మళ్ళీ గెలవడం నేను దగ్గర్నుంచి చూశాను. పార్టీ జెండా లేని మనిషి రెండోసారి కూడా గెలవగలడని నాకు తెలిసింది మెయిన్‌లో కాదు, సరూర్‌నగర్‌లో.

అదే జ్ఞానం ఇక్కడ నాచేత తప్పు చేయించింది.

మెయిన్ బ్యాలెట్ మీద అంకెలు వేయకూడదు. అభ్యర్థుల పేర్లు ఎడమవైపు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన మొదటి ఎంపిక, రెండో ఎంపిక, మూడో ఎంపిక అని వరసలు ఉంటాయి. ప్రతి పేరుకి ఎదురుగా, ప్రతి వరస కింద ఒక చిన్న కోడిగుడ్డు ఆకారం ఉంటుంది. మనకి కావలసిన చోట దాన్ని నల్లగా నింపాలి, ఎంసెట్‌లో ఓఎంఆర్ షీట్ నింపినట్టు. నేను బూత్‌లోకి వెళ్ళాను, పెన్ను తీశాను, చేతికి వచ్చిన అలవాటు కొద్దీ ఒక గుండ్రంలో 1 అని, ఇంకో దాంట్లో 2 అని రాసేశాను. రాసి, ఓ అడుగు వెనక్కి జరిగి చూసుకుంటే ఒళ్ళు చల్లబడింది. నా మొదటి ఓటు, అది కాస్తా చెల్లకుండా పోయిందనుకున్నాను.

బూత్ బయటికి తల పెట్టి క్లర్క్‌ని పిలిచాను. పోలింగ్ కేంద్రం పెద్దని ఇక్కడ వార్డెన్ అంటారు. ఆయన వచ్చాడు, నా కాగితం మీద ఏముందో చూడకుండా మడతపెట్టించి తీసుకున్నాడు, పాడైనదని గుర్తుపెట్టి పక్కన ఉంచి, కొత్త బ్యాలెట్ ఇచ్చాడు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. నేను క్షమాపణ చెప్పబోతే "దీనికేముంది, అందుకేగా మేమున్నది" అన్నాడు. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రతిసారీ వేల ఓట్లు చెల్లకుండా పోతాయి, అవన్నీ డిగ్రీలు ఉన్నవాళ్ళవే. ఆ వేలల్లో చాలామందికి తమ తప్పు అక్కడే తెలిసి ఉంటుంది, అడగడానికి మొహమాటపడి పెట్టెలో వేసేసి ఉంటారు. దయచేసి మొహమాటపడకండి. ఇక్కడైనా, అక్కడైనా.

రెండో కాగితం జాగ్రత్తగా నింపాను. కింగ్‌కి రెండో ప్రాధాన్యం ఇచ్చాను. మొదటిది ఎవరికో రాయను, అది నాది. కానీ ఆ కొన్ని సెకన్లు ఎలా ఉన్నాయో చెప్తాను. ఇండియాలో అసెంబ్లీకి, పార్లమెంటుకి వేసిన ప్రతి ఓటూ నేను లెక్కలు కట్టి వేశాను. నాకు నచ్చిన మనిషికి ఎలాగూ రాదు, వృథా చేయడం ఎందుకు, ఫలానావాడు రాకుండా ఉంటే చాలు అని. ఇష్టంగా వేసిన ఓటు కన్నా భయంతో వేసిన ఓట్లే ఎక్కువ. ఆ రోజు మాత్రం మొదటి వరసలో నేను నిజంగా కోరుకున్న పేరు నింపాను, రెండో వరసలో ఒప్పుకోగల పేరు నింపాను. భయం అనే మాటకి ఆ కాగితం మీద చోటు లేదు. ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ ఉన్న ఏర్పాట్లు.

కాగితం స్కానింగ్ మెషిన్‌లో పెడితే లాక్కుంది. వేలికి సిరా లేదు, ఒక స్టిక్కర్ ఇచ్చారు. నాకు సిరా చుక్కే ఎక్కువ ఇష్టం. పది రోజులు ఉంటుంది.

పోలింగ్ రాత్రి ఎనిమిదికి ముగుస్తుంది, అప్పటికి హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున ఆరున్నర. నాన్న అప్పటికే వాకింగ్ నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని ఉన్నారు. కింగ్ గెలిచారని తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయనకి 54 శాతం పైన, బ్రేకీకి 35, రింగెల్‌స్టైన్‌కి 10.

"కోటా ఎంతమ్మా?" అన్నారు నాన్న.

"సగం దాటితే చాలు నాన్నా."

"దాటిందిగా. అయితే రెండో ప్రాధాన్యం విప్పనే లేదు."

"లేదు. అవసరం పడలేదు."

"మరి నువ్వు రెండోది ఎవరికిచ్చావో ఎవరూ చదవలేదన్నమాట."

అవును, ఎవరూ చదవలేదు. నా ఓటు మొదటి ఎంపిక దగ్గరే ఆగిపోయింది, నేను రెండో స్థానంలో పెట్టిన మనిషి నా సాయం లేకుండానే గెలిచారు. ఆ మాట విన్నప్పుడు నాకు నిరాశ కలుగుతుందేమో అనుకున్నాను, కలగలేదు. ఇంట్లో నిప్పు ఆర్పే సిలిండర్ ఉంటే, అది వాడకుండానే ఏడాది గడిచినా డబ్బు దండగ అయిందనుకోం కదా.

నాన్న అక్కడితో వదల్లేదు. ఈ కింగ్ మొదటిసారి ఎలా గెలిచాడో చూడమన్నారు. చూశాను. 1994లో గవర్నర్ ఎన్నికలో నలుగురి పోటీలో ఆయనకి వచ్చింది 35 శాతం. రెండో స్థానంలో మాజీ గవర్నర్ జోసెఫ్ బ్రెనన్, 34 శాతం దగ్గర. ఇప్పటి సెనేటర్ సుసాన్ కాలిన్స్ అప్పుడు రిపబ్లికన్ అభ్యర్థి, మూడో స్థానం. "అంటే 65 మంది వేరేవాళ్ళకి వేస్తే, 35 మంది వేసిన మనిషి గద్దె ఎక్కాడు. తర్వాత పని చూసి జనం సగానికి పైన వేశారు" అన్నారు నాన్న. 1998లో ఆయనకి 58 శాతం పైనే వచ్చాయి. పని నచ్చితే ఓట్లు పెరుగుతాయి, సరే. కానీ ఆ మొదటి 35 శాతం రోజున ఈ కాగితం ఉంటే ఎవరు గెలిచేవారో ఎవరూ చెప్పలేరు. ఈ పద్ధతి ఇండిపెండెంట్లకి లాభం అని కొందరు, నష్టం అని కొందరు వాదిస్తారు. నేను చూసినంతలో ఇది అభ్యర్థికి హామీ ఏమీ ఇవ్వదు, హామీ ఇచ్చేది ఓటరుకే.

ఆ ఏడాదే మా రాష్ట్రంలో రెండో ప్రాధాన్యం విప్పాల్సిన ఎన్నిక కూడా జరిగింది. మాది మొదటి కాంగ్రెస్ డిస్ట్రిక్ట్, అంటే అమెరికా పార్లమెంటు దిగువ సభకి ఒకరిని ఎన్నుకునే నియోజకవర్గం. ఉత్తరాన అడవులు, బంగాళాదుంప పొలాలు ఉన్న రెండో డిస్ట్రిక్ట్‌లో సిట్టింగ్ సభ్యుడు బ్రూస్ పోలిక్విన్ మొదటి లెక్కలో కొద్దిగా ముందున్నాడు, కానీ సగం దాటలేదు. ఇద్దరు ఇండిపెండెంట్ల ఓట్లు కలిపితే 8 శాతం దాకా ఉన్నాయి. ఊళ్ళ నుంచి బ్యాలెట్లు, మెషిన్ మెమరీలు రాజధాని ఆగస్టాకి తరలించారు. నవంబర్ 15న లెక్క తేలింది. జారెడ్ గోల్డెన్ సుమారు 3,500 ఓట్ల తేడాతో గెలిచాడు. పోలిక్విన్ కోర్టుకి వెళ్ళాడు, ఫెడరల్ జడ్జి ఆయన వాదన ఒప్పుకోలేదు.

ఆ తొమ్మిది రోజులూ మా ఆఫీసులో తలనొప్పి. "ముందున్నవాడు ఓడిపోవడమేంటి, మోసం" అని ఒకతను రోజూ అనేవాడు. నేను తెల్ల బోర్డు మీద నాన్న క్యాలెండర్ పాఠం మళ్ళీ చెప్పాను. అతను ఒప్పుకోలేదు. ఆ తర్వాత హైదరాబాద్‌లో 2021 మార్చిలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగి, ఒక్క స్థానానికి 93 మంది అభ్యర్థులు, దుప్పటంత బ్యాలెట్, నాలుగు రోజుల లెక్కింపు అయినప్పుడు, ఆ ఫోటోలు అతనికి చూపించాను. అంతసేపూ కౌంటింగ్ హాల్లో జనం ఎలిమినేషన్ రౌండ్లు రాసుకుంటూ కూర్చున్నారని చెప్పాను. ఈసారి కాస్త ఆలోచించాడు.

ఇక నచ్చనివి.

ఒకటి, ఒకే రోజు రెండు రూల్స్. 2018లో సెనేట్‌కి, దిగువ సభకి వరస పెట్టమన్నారు. అదే రోజు గవర్నర్‌కి మాత్రం ఒక్కరికే గుర్తు పెట్టాలి. ఎందుకంటే రాష్ట్ర రాజ్యాంగంలో గవర్నర్ ఎన్నికలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు గెలుస్తారని ఉంది, సగం దాటాలని లేదు. ఈ కొత్త పద్ధతి దానికి కుదరదని 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది. కారణం అర్థమయ్యేదే. కానీ ఏ ఎన్నిక దెబ్బతో జనం ఈ పద్ధతి అడిగారో, ఆ గవర్నర్ ఎన్నికకే ఇది వర్తించకపోవడం నాకు మింగుడు పడలేదు. ఇప్పటికీ పడదు. దీనికి ఒక నక్షత్రంలో సగం కోస్తున్నాను.

రెండు, ఒక వరసలో ఇద్దరికి నింపితే ఆ వరస నుంచి ఓటు లెక్కలోకి రాదు. రూలు సబబే. కానీ గడులు చిన్నవి, పక్కపక్కనే ఉంటాయి. చూపు మందగించిన పెద్దవాళ్ళకి ఇది కష్టం. కేంద్రంలో సాయం అడగవచ్చు, అడిగితే చేస్తారు కూడా. అడగని వాళ్ళ గురించే నా బాధ. మా ఆయన ఇంకో రకం. కింగ్‌కి మొదటి వరసలో, రెండో వరసలో, మూడో వరసలో కూడా నింపి వచ్చారు, మూడు రెట్లు బలం వస్తుందని. అలా రాదు. ఒక్కసారే లెక్క. ఓటు చెల్లుతుంది కానీ మిగతా రెండు వరసలూ వృథా. వెళ్ళేముందు నన్ను అడిగి ఉంటే బాగుండేది.

మూడు, ఇది సర్వీసు తప్పు కాదు కానీ రాయాలి. "రెండోది నింపితే నీ మొదటి ఓటు బలం తగ్గుతుంది" అని ఒక పెద్దమనిషి కార్ పార్కింగ్‌లో మాకు చెప్పాడు. పూర్తిగా తప్పు. మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ ఓటు అక్కడే ఉంటుంది. ఆయన్ని తీసేశాకే రెండోది చూస్తారు.

2024కి వస్తాను. కింగ్‌కి అప్పటికి ఎనభై ఏళ్ళు, మూడోసారి సెనేట్‌కి నిలబడ్డారు. రిపబ్లికన్ డెమీ కౌజౌనస్, డెమోక్రాట్ డేవిడ్ కాస్టెల్లో, ఇంకో ఇండిపెండెంట్ జేసన్ చెర్రీ. ఈసారి అధ్యక్ష ఎన్నికకీ ఇదే వరస పద్ధతి. నేను ఇంటి నుంచే వేసే ఆబ్సెంటీ బ్యాలెట్ అడిగాను. కారణం చెప్పక్కర్లేదు, ఎవరైనా అడగవచ్చు. అక్టోబర్ రెండో వారంలో పోస్టులో వచ్చింది. రాష్ట్రంలో ఎన్నికలు చూసే అధికారి, సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో అది ఎక్కడిదాకా వచ్చిందో, తిరిగి చేరిందో లేదో చూసుకోవచ్చు. ఈ ట్రాకింగ్ సరిగ్గా పనిచేసింది, ఫిర్యాదు లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. పోలింగ్ రోజు రాత్రి ఎనిమిదిలోపు మన కవరు క్లర్క్ ఆఫీసుకి చేరాలి. పోస్ట్ ముద్ర తేదీ చూడరు, చేరిన సమయమే చూస్తారు. చివరి వారంలో పోస్టులో వేయకండి, చేతితో ఇవ్వండి.

ఆ నెల నాన్న మా దగ్గరే ఉన్నారు, విజిటర్ వీసా మీద. ఎనభైకి దగ్గర పడ్డారు, కింగ్ కన్నా రెండేళ్ళే చిన్న. ఎనభై ఏళ్ళ మనిషి ఆరేళ్ళ పదవికి నిలబడటం సరైందేనా అని మా ఇంట్లో చాలా వాదన జరిగింది. నాన్నే వద్దన్నారు, నేను పని చూడాలన్నాను. ఆ వాదన తేలలేదు.

ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక భోజనాల బల్ల మీద బ్యాలెట్ పరిచాను. నాన్న ఎదురుగా కూర్చుని పేపర్ చదువుతున్నారు. నేను పెన్ను తీయగానే ఏమీ అనకుండా లేచి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, వీపు నాకు పెట్టి కూర్చున్నారు. బయట మేపుల్ చెట్టు పూర్తిగా ఎర్రబడి ఉంది.

"ఇల్లే కదా నాన్నా, చూస్తే ఏమవుతుంది?" అన్నాను.

"ఓటు వేసే చోటు బూతే" అన్నారు, వెనక్కి తిరగకుండా.

ఈసారి అంకెలు వేయలేదు. నాలుగు వరసలు నెమ్మదిగా నింపాను. కవర్లో పెట్టి అంటించాక, "అయిందా? సంతకం ఎక్కడ పెట్టమన్నారో చదివావా?" అని అడిగారు. చదివాను, పెట్టాను, అయినా కవరు ఆయనకిచ్చాను. కళ్ళజోడు తెచ్చుకుని, కవరు వెనక ఉన్నదంతా ఒక్కో లైనూ వేలు పెట్టి చదివి, నా సంతకం, తేదీ చూసి, తల ఊపి తిరిగి ఇచ్చారు. ఎన్ని వేల కవర్లు, ఎన్ని సీళ్ళు చూసిన చేతులో అవి.

నవంబర్ 5న కింగ్ మళ్ళీ గెలిచారు, సుమారు 52 శాతంతో. మళ్ళీ మొదటి లెక్కలోనే. మధ్యలో 2020లో సుసాన్ కాలిన్స్ కూడా 51 శాతంతో మొదటి లెక్కలోనే గెలిచారు. అంటే 2024 దాకా మెయిన్‌లో మూడు సెనేట్ ఎన్నికలు ఈ కాగితం మీద జరిగాయి, మూడింట్లోనూ రెండో ప్రాధాన్యం విప్పలేదు.

నా మార్కులు ఐదుకి నాలుగున్నర. తగ్గించిన సగం గవర్నర్ ఎన్నిక గురించి.

కవరు మేము పోస్టులో వేయలేదు. అదే ఆదివారం సిటీ హాల్ దాకా నాన్నా నేనూ నడిచి వెళ్ళాం. బయట డ్రాప్ బాక్స్ ఉంటుంది. నేను కవరు లోపలికి వదిలాను. నాన్న బాక్స్ చుట్టూ ఒకసారి తిరిగి తాళం చూశారు, సీలు చూశారు, మూత చేత్తో లాగి చూశారు. రాలేదు. "గట్టిగానే ఉంది, పద" అన్నారు.